టోపీ మీద పేరు

ఫిలడెల్ఫియా వెళ్ళినవారు తప్పకుండా చూసివచ్చేది పగిలిన గంటను. మేమూ చూశాము. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకాలు జరిగిన భవనం కూడా చూశాము. చూడవలసినవి చూసేశాము గనుక ఇక చూడనక్కరలేనివి చూడవచ్చునన్న ధీమాతో పాత వూరి వీధుల్లో పడ్డాము, నేనూ మా మేనకోడలూ. మా అక్కయ్య కాపురం నదికి అవతలి ఒడ్డున, న్యూజెర్సీలో. ఆ రోజు ఆవిడకు ఆఫీసు వుంది. పదకొండేళ్ళ పిల్లను నాకు అప్పగిస్తూ, "జాగ్రత్తరా! ఎవరికి ఎవరు జాగ్రత్తో దారిలో మీరిద్దరూ తేల్చుకోండి" అన్నది.

ఎల్‌ఫ్రెత్స్ ఆలీ అని ఒక చిన్న సందు వుంది. రాళ్ళు పరచిన దారి, రెండువైపులా పద్ధెనిమిదో శతాబ్దపు ఎర్ర ఇటుకల ఇళ్ళు. ఆ ఇళ్ళల్లో ఇప్పటికీ జనం కాపురాలు చేస్తూనే వున్నారు. ఒక గుమ్మం ముందు నిలబడి తలుపు అందాన్ని మెచ్చుకుంటూ వుండగా లోపలినుంచి ఎవరో తలుపు తీసి చెత్తబుట్ట బయట పెట్టారు. అంతలో వాన పట్టుకున్నది. గొడుగు అక్కయ్య కారులోనే వుండిపోయింది. పరుగు పరుగున రెండో వీధిలోకి వచ్చి, తెరిచి వున్న మొదటి తలుపులోకి దూరాము.

అది ఫైర్‌మన్స్ హాల్. 1902లో ఫైరింజన్ స్టేషనుగా కట్టిన ఇల్లు. 1976 నుంచి మ్యూజియం. టిక్కెట్టు లేదు గాని, గుమ్మం దగ్గర మన గుళ్ళో హుండీ లాంటి పెట్టె ఒకటి వున్నది. పెద్దాయన ఒకరు కుర్చీలో కూర్చుని వున్నారు. మా తడిసిన వాలకం చూసి, "నిప్పు దగ్గరికి రావలసినవాళ్ళు నీళ్ళతో వచ్చారే!" అని నవ్వారు. ఒకప్పుడు ఆయనా ఈ ఉద్యోగమే చేసి విశ్రాంతి తీసుకున్నవారట.

మ్యూజియములంటే నాకు కొంచెం భయం. కత్తులు, నాణేలు, కుండపెంకులు అరగంట చూస్తే కాళ్ళు లాగుతాయి. ఇక్కడ నన్ను నిలబెట్టింది టోపీలు. గాజు వెనక వరసగా కూర్చోబెట్టారు. పంతొమ్మిదో శతాబ్దపు దొరలు పెట్టుకునే గొట్టం టోపీలను తలచుకోండి. నడుము దగ్గర కొంచెం నొక్కుకుపోయి, పైకి గుండ్రంగా లేచిన ఆకారం. అయితే నలుపు కాదు. ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి ఆకాశనీలం. ముందువైపు బొమ్మ: వాషింగ్టన్, ఫ్రాంక్లిన్, లఫాయెట్, రెక్కలు విప్పిన గద్ద, ఈకలు ధరించిన ఆదివాసి నాయకుడు, మంటలోంచి లేస్తున్న ఫీనిక్స్ పక్షి. బొమ్మ చుట్టూ బంగారు రేకుతో తీగలు, తీగల మధ్య సంఘం పేరు. పెళ్ళిపల్లకీ మీద కూడా ఇంత పనితనం వుండదు.

"మామయ్యా! ఇవి పెట్టుకుని నిప్పార్పేవాళ్ళా? రంగు పాడవదూ?" అన్నది పిల్ల.

మంచి ప్రశ్నే. వీటిలో చాలావరకు ఊరేగింపు టోపీలు. ఏడాదికి ఒకటి రెండుసార్లు, పండగలకీ పెద్దమనుషుల రాకలకీ పెట్టుకుని వీధుల వెంట నడిచేవి. కాని వీటి పుట్టుక మాత్రం పనిలోంచే.

ఫిలడెల్ఫియాలో మొదటి నిప్పార్పే సంఘాన్ని 1736లో పెట్టినవారిలో ముఖ్యుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్. యూనియన్ ఫైర్ కంపెనీ దాని పేరు. కంపెనీ అన్నారు గాని వ్యాపారం కాదు. ఇరుగుపొరుగు గృహస్థుల పొత్తు. ప్రతివాడూ తన ఖర్చుతో తోలు బాల్చీలూ, గట్టి సంచులూ సిద్ధంగా వుంచుకోవాలి. నీళ్ళకు బాల్చీలు సరే. సంచులెందుకంటే, కాలుతున్న ఇంట్లోంచి సామాను బయటికి చేరవెయ్యడానికి. అప్పట్లో వాళ్ళకు దుస్తులేమీ లేవు. ఎవడి పొరుగు వాడిది, ఎవడి చొక్కా వాడిది. 1850 ప్రాంతంలో చార్లెస్ వాషింగ్టన్ రైట్ అనే చిత్రకారుడు మాత్రం ఫ్రాంక్లిన్‌కు చక్కగా ఫైర్ హెల్మెట్ పెట్టి బొమ్మ గీశాడు. మన క్యాలెండర్లలో రాముడికి రవివర్మ నాటి జరీ అంచు వున్నట్టే ఇదీను.

కంపెనీలు పెరిగినకొద్దీ చిక్కు వచ్చింది. రాత్రి, పొగ, జనం, కేకలు. ఇంట్లోంచి వెండిగిన్నె పట్టుకుని బయటికి వస్తున్నవాడు సామాను కాపాడుతున్నవాడో, కాజేస్తున్నవాడో తెలిసేదెల్లా? అందుకని గుర్తు కావలసి వచ్చింది. అందరి కళ్ళకూ, గుంపులో దూరంనుంచైనా కనిపించేది తలే గదా. తలమీద పేరు రాయించారు. ఉన్నిని నొక్కి చేసిన దళసరి ఫెల్టు టోపీని గట్టిపరచి, నీరు దిగకుండా రంగు పట్టించేవారు. ఆ రంగు మీద కంపెనీ పేరు. నడినెత్తి మీద సొంతదారు పేరులోని పొడి అక్షరాలు. మరి ఆ నడినెత్తి అక్షరాలు ఎవరికి కనిపిస్తాయి? మేడమీది కిటికీలోంచి చూసేవాళ్ళకు కనిపిస్తాయేమో గాని, నాకు తోచినంతవరకు అవి టోపీ విప్పి మేకుకు తగిలించినప్పుడు పక్కవాడు ఎత్తుకుపోకుండా వేసినవి. మా హాస్టల్లో పళ్ళేల అడుగున పేర్లు కొట్టించినట్టు.

పేర్లు చదువుతూ పోతే సరదాగా వుంటుంది. డిలిజెంట్, అంటే శ్రద్ధగలవారు. పర్సివరెన్స్, అంటే పట్టు విడవనివారు. హోప్, ఆశ. గుడ్ విల్, సద్భావం. 1752 నాటి హైబర్నియా కంపెనీ ఐర్లండు వాళ్ళది; వాళ్ళ టోపీ మీద వీణలాంటి హార్ప్ వాద్యం. 1803లో పుట్టిన ఫిలడెల్ఫియా హోస్ కంపెనీ పని నీటి గొట్టాలు మొయ్యడం. ఇంజన్ కంపెనీలంటే చేతిపంపు బండ్లున్నవారు. ఆ బండికి గుర్రాలు లేవు. మోకులు పట్టుకుని మనుషులే లాక్కుంటూ పరుగెత్తాలి. అక్కడికి చేరాక అటు కొందరు, ఇటు కొందరు నిలబడి కర్రలు పైకీ కిందికీ కొట్టాలి. ఒక్క దమ్మిడీ జీతం లేదు. పగలు కమ్మరి, వడ్రంగి, గుమాస్తా, దుకాణదారు. గంట మోగితే ఫైర్‌మన్.

టోపీల పక్కనే భుజాల మీద వేసుకునే పొట్టి కప్పులు వున్నాయి. మెడ దగ్గర ముడి వేసుకుంటే మోచేతి పైదాకా వస్తాయి. గుడ్డకు నూనెరంగు పట్టించి ఆయిల్‌క్లాత్ లాగ చేశారు. వాటి వీపున కూడా పేరూ, బొమ్మా. ఇప్పుడు రంగు పెళుసెక్కి, ఎండిన చెరువు అడుగులాగ నెరెలు విచ్చింది. నూనెరంగు గుడ్డ కట్టుకుని మంటలోకి వెళ్ళడమేమిటని నాకు సందేహం వచ్చి పెద్దాయనను అడిగాను. "మంటలోకి వెళ్ళేవారు కారండీ. వీధిలో నిలబడి కొట్టేవారు. వాళ్ళ బాధ మంట కాదు, నీళ్ళు" అన్నారు. తోలుగొట్టాల అతుకుల్లోంచి చిమ్మే నీళ్ళూ, గోడలమీదినుంచి తిరిగి కురిసే నీళ్ళూ, శీతకాలంలో ఒంటిమీదే గడ్డకట్టే నీళ్ళూ. ఆ కప్పు అగ్నికవచం కాదు, గొడుగు అన్నమాట. గొడుగు మరచిపోయి వచ్చిన నాకు ఆ మాట వెంటనే అర్థమైంది.

నిజమైన కవచం న్యూయార్కునుంచి వచ్చింది. హెన్రీ గ్రాటకాప్ అనే ఆయన తోలుపెట్టెలు చేసే పనివాడు, తానూ ఒక ఫైర్‌మన్. ప్రయాణాల్లో తడిసినా చెడని తోలుపెట్టె చెయ్యడం తెలిసినవాడు గనుక, 1830ల్లో అదే విద్యను తలకు పెట్టాడు. ముక్కలు ముక్కలుగా కుట్టిన దళసరి తోలు, కుట్లమీద వెన్నులాగ లేచిన గీతలు. ముందు అంచు పొట్టి, వెనక అంచు తోకలాగ పొడుగు. నెత్తిమీద పడ్డ నీళ్ళు చొక్కాలోకి దిగకుండా ఆ తోకమీదినుంచి జారిపోతాయి. వేడి ఎక్కువైతే టోపీని వెనక్కి తిప్పి ఆ తోకనే ముఖానికి అడ్డం పెట్టుకునేవారు. ముందువైపు నిలువుగా లేచిన తోలు ఫలకం మీద కంపెనీ పేరూ అంకె. ఇంతకన్న మంచి వస్తువులు తరువాత ఎన్నో వచ్చాయి. అయినా న్యూయార్కులో ఈ రోజుకీ తోలు హెల్మెట్ పెట్టుకునేవారున్నారు. పెద్దాయన ఒకటి తీసి పిల్ల నెత్తిన పెట్టారు. అది కళ్ళదాకా దిగింది. "బరువు!" అన్నది లోపలినుంచి.

ఇంతవరకూ బాగానే వున్నది. కాని పేరున్న చోట పోటీ, పోటీ వున్న చోట కొట్లాట. ముందు చేరినవాడిదే గౌరవం. వీధిలోని నీటి కుళాయిని ముందు పట్టుకున్నవాడిదే నీరు. ఇల్లు ఒక పక్క కాలుతూ వుండగా రెండు కంపెనీలు కుళాయి దగ్గర తలలు పగలగొట్టుకున్న సందర్భాలు అనేకం. ఐరిష్ కంపెనీలు ఒక పక్షం, వారంటే గిట్టని కంపెనీలు ఒక పక్షం. 1844లో జరిగిన మతకల్లోలంలో చనిపోయిన ఒక కుర్రవాడి పేరే ఒక కంపెనీకి పెట్టుకున్నారంటే పగ ఎంతదాకా పోయిందో వూహించవచ్చు. న్యూయార్కులో ఎర్ర చొక్కాల ఫైర్‌మన్ వీరుడు నాటకాలకు ఎక్కాడు. విలియం ట్వీడ్ అనే నాయకుడు ఫైర్ కంపెనీ ఫోర్‌మన్‌గా పేరు తెచ్చుకుని, అటునుంచి రాజకీయాల్లోకి వెళ్ళి, నగర ఖజానాను ఎల్లా ఖాళీ చేశాడో అది మరో కథ. చివరికి న్యూయార్కు 1865లోనూ, ఫిలడెల్ఫియా 1871 మార్చి 15ననూ జీతాల దళాలను పెట్టుకున్నాయి. నూనెరంగు టోపీలు మేకులకు ఎక్కాయి, మేకులమీదినుంచి అటకలకు ఎక్కాయి.

అటకలమీదినుంచి వాటిని దించినవారిలో ముఖ్యులు భీమా కంపెనీలు. ఇల్లు కాలితే నష్టం చెల్లించేది వాళ్ళే గనుక, నిప్పార్పేవాడి మీద వాళ్ళకు గౌరవం సహజం. 1792లో ఇక్కడే పుట్టిన ఒక భీమా సంస్థ టోపీలు, కప్పులు, బాల్చీలు, బాకాలు అన్నీ పోగుచేసింది. ఆ సేకరణలో పెద్ద భాగం 2005లో వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్‌కు చేరింది. ఫిలడెల్ఫియాలోని నగర చరిత్ర మ్యూజియము 2018లో మూతపడితే, దాని సొత్తు తరువాత డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. వస్తువులకూ బదిలీలు తప్పవు.

వాన వెలిసింది. బయలుదేరబోతున్నాము. తోలు హెల్మెట్ తిరిగి ఇచ్చేస్తూ మా పిల్ల పెద్దాయనను ఇంగ్లీషులో అడిగింది: "అప్పుడు నేను వుంటే నన్ను చేర్చుకునేవారా?"

ఆయన ఆడపిల్ల సంగతి అడుగుతున్నదనుకున్నారు. అది తన చెయ్యి చాపి, చర్మం మీద వేలు పెట్టి చూపించింది.

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. కుర్చీలోంచి లేచి మాతో గాజుపెట్టెల దాకా వచ్చారు. 1818లో ఈ నగరంలోని నల్లజాతివారు కొందరు చేరి ఆఫ్రికన్ ఫైర్ అసోసియేషన్ అని ఒక సంఘం పెట్టుకున్నారు. తెల్లవారి కంపెనీలు సభ చేసి, వద్దన్నాయి. గొడవలవుతాయని భయపడి నల్లవారిలో పెద్దలే మానుకోమని సలహా ఇచ్చారు. అది అంతటితో ఆగిపోయింది. "నల్లవాడు మా డిపార్టుమెంటులో ఉద్యోగిగా చేరింది 1886లో. ఐజక్ జేకబ్స్ అని" అన్నారాయన. నేను వేళ్ళమీద లెక్క వేశాను. అరవై ఎనిమిదేళ్ళు.

తరువాత ఆయన చెప్పిన సంగతి నాకు ఇంకా విచిత్రంగా తోచింది. ఆ కాలంలో ఫైర్ కంపెనీలకు చిహ్నాలూ, జెండాలూ రాసిన చిత్రకారుల్లో డేవిడ్ బస్టిల్ బౌసర్ ఒకడు. 1820లో పుట్టాడు, 1900లో పోయాడు. నల్లజాతివాడు. అంతర్యుద్ధంలో నల్ల సైనికుల పటాలాలకు జెండాలు చిత్రించిందీ ఆయనే, లింకన్ చిత్రాలు వేసిందీ ఆయనే. అంటే కంపెనీ గౌరవాన్ని తన కుంచెతో బంగారం చేసిన మనిషి, ఆ కంపెనీ మోకు పట్టుకుని పరుగెత్తడానికి మాత్రం పనికిరాడు! నేను మళ్ళీ వరస మొదటికి వెళ్ళి టోపీలన్నీ చూశాను. ఇందాకటి రంగులే. ఇందాక చూసిన కంటితో చూడలేకపోయాను.

మ్యూజియమునుంచి నాలుగు వీధులు పడమరగా నడిస్తే ఆరో వీధి వస్తుంది. అక్కడ ఒక చారిత్రక ఫలకం వుందని ఆయనే చెప్పారు. పెన్సిల్వేనియా హాల్ అని, బానిసత్వం పోవాలన్నవారు ఎక్కడా సభలకు చోటు దొరకక తామే వాటాలు వేసుకుని కట్టుకున్న పెద్ద భవనం. 1838 మే 14న తెరిచారు. 16న ఏంజెలీనా గ్రిమ్‌కే అనే ఆవిడ, వీధిలోంచి వస్తున్న రాళ్ళకు కిటికీ అద్దాలు పగులుతూ వుండగా ఉపన్యసించింది. తెల్లవారూ నల్లవారూ పక్కపక్కన కూర్చున్నారని గుంపుకు కోపం. 17 రాత్రి తలుపులు బద్దలు కొట్టి నిప్పు పెట్టారు. ఫైర్ కంపెనీలు వచ్చాయి, రాకేం. బండ్లు నిలబెట్టాయి, గొట్టాలు విప్పాయి, చుట్టుపక్కల ఇళ్ళ కప్పులన్నీ చక్కగా తడిపాయి. హాలుమీద మాత్రం నీళ్ళు పొయ్యలేదు. నాలుగు రోజుల భవనం గోడలు మిగిలాయి.

ఆ మర్నాడు రాత్రి గుంపు నల్లజాతి అనాథ పిల్లల ఆశ్రమం మీద పడింది. అక్కడ మాత్రం ఒక ఫైర్ కంపెనీ అడ్డు నిలిచింది. మోర్టన్ మెక్‌మైకేల్ అనే మెజిస్ట్రేటు కూడా వాళ్ళతో కలిశాడు. ఆశ్రమం కొంత చెడినా దక్కింది. ఆ కంపెనీ పేరు గుడ్ విల్. ఒక్కరైనా తమ టోపీ మీద రాసుకున్నది చదువుకున్నారు!

ఫలకం ముందు పిల్ల గట్టిగా చదువుతూ వుంటే నేను వినడం లేదు. నాకు మా వూరు జ్ఞాపకం వచ్చింది.

మాది కృష్ణా డెల్టా. మా వైపు వూరు అంటే ఒకటి, పల్లె అంటే ఒకటి. ఆ తేడా పాఠకులకు విప్పి చెప్పనక్కరలేదు. మధ్యన కాలవ. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, వైశాఖంలో, మిట్టమధ్యాహ్నం పల్లె అంటుకున్నది. అన్నీ తాటాకిళ్ళు. పడమటి గాలి. "నిప్పో నిప్పు!" అన్న కేకకు వూరు వూరంతా లేచింది. నిచ్చెనలు వేశారు. బిందెలు, కడవలు, కావిళ్ళు అన్నీ బయటికి వచ్చాయి. నూతులు ఖాళీ అయ్యేటట్టు తోడారు. అన్ని నీళ్ళూ మా వూరి కప్పులమీదా, మా వూరి గడ్డివాములమీదా పోశారు. కాలవ దాటి వెళ్ళినవాళ్ళు లేకపోలేదు, నలుగురో అయిదుగురో. పట్నంనుంచి ఫైరింజన్ వచ్చేసరికి అక్కడ నిట్రాళ్ళు నిలబడి పొగలుతున్నాయి. ఆ రాత్రి వూళ్ళో అందరూ బడలిపోయి పడుకున్నారు, పెద్ద పని చేసినట్టు. బియ్యం, పాత బట్టలు పంపారు కూడాను. అది మంచివూరు కాదని ఎవరైనా అంటే మేము ఒప్పుకునేవాళ్ళం కాము.

ఇదంతా ఫలకం ముందు నిలబడిన నిమిషంలో గుర్తుకు వచ్చింది. ఇన్నేళ్ళలో ఎప్పుడు తలచుకున్నా, గొప్పగా నీళ్ళు మోసిన రోజుగానే తలచుకున్నాను.

రాత్రి భోజనాలయ్యాక అక్కయ్యను అడిగాను: "పల్లె కాలిన రోజు నీకు జ్ఞాపకం వుందా?"

"ఎందుకు లేదూ! నాన్న వామి ఎక్కారు. నేను నూతిలో చేద వేసి తోడుతున్నాను. నువ్వు చెంబు పట్టుకుని అటూ ఇటూ పరుగులు. నా చేతులు బొబ్బలెక్కాయి. వారం రోజులు అన్నం కలుపుకోలేకపోయాను. ఏమయితేనేం, మన వామికి అంటుకోలేదు గదా!" అన్నది.

"అంటుకోలేదు" అన్నాను.

"వామి అంటే ఏమిటమ్మా?" అన్నది పిల్ల.

అక్కయ్య గడ్డివామి సంగతి చెప్పింది. పల్లె సంగతి నేను చెప్పవలసి వచ్చింది.